కొత్తగా చేరిన నర్సుకు మెప్పు ఎప్పుడు, ఎవరి నుంచి దొరుకుతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి, బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ఆరు నెలలు కావస్తోంది. సూర్యారావుపేటలో హాస్టల్లో ఉంటున్నారు, నెలలో సగం నైట్లే. మీరు రోజూ ఒళ్లు తుడిచి, పక్క మార్చి చూసుకున్న రోగి ఇంటికి వెళ్లేటప్పుడు బంధువులు డాక్టరు గారికి శాలువా కప్పి ఫొటో దిగారు గానీ మీ వంక తిరిగి కూడా చూడలేదు. నర్సుల దినోత్సవం నాడు కేకు కోసిన యాజమాన్యం మరుసటి రోజే మీకు డబుల్ డ్యూటీ వేసింది. ఇంటి దగ్గర చుట్టాలు ‘నర్సు ఉద్యోగమా’ అని పెదవి విరుస్తున్నారు. ఈ ఉద్యోగంలో మెప్పు అనేది ఉంటుందా, అది లేకపోతే ఎలా నిలబడాలి అని మీరు అడుగుతున్నారు.

నేను గుంటూరులో జనరల్ నర్సింగ్ చదివి, అక్కడి ప్రభుత్వ వార్డుల్లోను, తర్వాత విజయవాడ ప్రైవేటు ఆసుపత్రుల్లోను పనిచేసి, ఇప్పుడు కొత్తగా చేరినవారికి వార్డు పని నేర్పే బాధ్యతలో ఉన్నాను. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను. మెప్పు ఉంటుంది, కానీ మీరు ఎదురుచూస్తున్న రోజున, ఎదురుచూస్తున్న మనుషుల నుంచి రాదు. రోగి బంధువుల కృతజ్ఞత చాలావరకు సందర్భాన్ని బట్టి ఉంటుంది, దాన్ని పట్టుకుని మీ పనిని కొలుచుకోకూడదు. మీ చేతిలో ఉన్నది తోటి సిబ్బంది నమ్మకం, అది ఏడాది తిరిగేసరికి తప్పకుండా కనబడుతుంది. యాజమాన్యం మెప్పును మాత్రం కేకులో కాదు, జీతం చీటీలోను డ్యూటీ పట్టికలోను వెతకాలి.

ముందు డిశ్చార్జి రోజు సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు గాయమైంది అక్కడే. డాక్టరు గారు పొద్దున రౌండ్లో ‘ఇవాళ ఇంటికి వెళ్లిపోవచ్చు’ అంటారు. ఆ మాట చెవిన పడగానే రోగి భార్య గిన్నెలు, దుప్పట్లు, ఫ్లాస్కు సంచిలో సర్దేసి మంచం పక్కన పెట్టుకుంటుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. డిశ్చార్జి సమ్మరీ టైపు కావాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగివెళ్లి లెక్క తేలాలి, బీమా ఉంటే కంపెనీ అనుమతి రావాలి, ప్రభుత్వ వైద్య సేవ కార్డు మీద చేరినవారైతే అక్కడికి పంపవలసిన కాగితాలు ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటుతుంది, పల్నాడు వైపు వెళ్లే బస్సు తప్పిపోతుంది, ముసలాయనకు షుగరు మాత్ర వేళ మించిపోతుంది. ఈ ఆలస్యంలో ఒక్కటీ మీ చేతిలో లేదు, అయినా వార్డులో కనబడే మనిషి మీరే. శాలువా పొద్దున రౌండ్లో అయిపోయింది, కోపం సాయంత్రానికి మిగిలింది. దీన్ని నర్సు పట్ల చిన్నచూపు అని నేను అనుకోను. చాలావరకు అది బిల్లు మీద కోపం.

దీనికి నేను నేర్పే ఉపాయం ఒకటుంది. డిశ్చార్జి మాట వినబడిన వెంటనే మీరే మంచం దగ్గరికి వెళ్లి, ‘కాగితాలన్నీ పూర్తయ్యేసరికి సాయంత్రం అవుతుంది, మధ్యాహ్నం భోజనం ఇక్కడే చేయండి, బండి మాట్లాడుకునేముందు నన్ను అడగండి’ అని చెప్పాలి. ఒక్క నిమిషం పడుతుంది. నేను చూసిన వార్డుల్లో ఈ మాట ముందుగా చెప్పిన నర్సుతో సాయంత్రం ఎవరూ గొడవ పడలేదని అనను గానీ, గొడవ చాలా తగ్గింది. అసలైన కృతజ్ఞత తరచుగా కుట్లు చూపించుకోవడానికి ఓపీకి వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పటికి నొప్పి తగ్గి ఉంటుంది, మనసు కుదుటపడి ఉంటుంది. పనిగట్టుకుని వార్డుకు వచ్చి ‘ఆ పొడుగు సిస్టరు ఏరమ్మా’ అని అడుగుతారు. దురదృష్టమేమిటంటే మీరు ఆ వారం నైట్లలో ఉండి హాస్టల్లో నిద్రపోతుంటారు, ఆ మాట మీ దాకా రాదు. అందుకే మా వార్డులో ఎవరి గురించి ఎవరు మంచి మాట చెప్పినా, ఒక డ్యూటీ వారు తర్వాతి డ్యూటీ వారికి వార్డు అప్పగించే హ్యాండోవర్ సమయంలో చెప్పాలని నేను పట్టుబడతాను.

ఇంకొక చిన్న విషయం. మీ పేరు చెప్పండి. డ్యూటీలోకి రాగానే ‘నా పేరు ఫలానా, రాత్రి ఎనిమిది దాకా నేనే ఉంటాను’ అని ప్రతి మంచం దగ్గర చెప్పే నర్సులు ఎంతమంది ఉన్నారో మీ వార్డులోనే చూడండి. రోగికి మనమంతా ‘సిస్టర్’, అబ్బాయిలయితే ‘బ్రదర్’. మెచ్చుకోవాలన్నా ఎవరిని మెచ్చుకోవాలో తెలియాలి కదా. వరసలు కలిపి పిలవడం మన ప్రాంతంలో బాగానే పనిచేస్తుంది, ‘మామ్మ గారూ’, ‘బాబాయి గారూ’ అంటే ముఖాలు విచ్చుకుంటాయి. అయితే యాభై ఏళ్ల ఉద్యోగినిని ‘మామ్మ గారూ’ అంటే ఏమవుతుందో మీరు ఊహించగలరు. అనుమానంగా ఉన్నప్పుడు ‘అమ్మా’, ‘అండీ’ చాలు.

సెలైన్ గురించి మీరు రాసింది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఈ ఫిర్యాదు ప్రతి కొత్త బ్యాచీ చేస్తుంది: ‘సెలైన్ అయిపోతోంది సిస్టర్’ అని పది నిమిషాలకొకసారి పరుగెత్తుకొస్తారు, ఆ సీసా తప్ప మేము చేసేది ఏదీ వాళ్లకు కనబడదు. నిజమే. సీసాలో నీరు అయిపోతే గాలి గుండెలోకి పోయి మనిషి పోతాడని పల్లెల్లో గట్టి నమ్మకం ఉంది, వాళ్ల భయం వాళ్లది. డ్రిప్పు పెట్టేటప్పుడే చుక్కల వేగం సరిచూసి, ‘ఇది నాలుగు గంటలకు అవుతుంది, మూడుంబావుకు నేనే వచ్చి చూస్తాను’ అని చెప్పి, చెప్పిన వేళకు వెళ్లండి. ఒకసారి మాట నిలబెట్టుకుంటే రెండో సీసాకు ఎవరూ పరుగెత్తుకు రారు. మాట ఇచ్చి వెళ్లకపోతే మాత్రం ముందుకన్నా రెట్టింపు పరుగులు పెడతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నర్సు పనిలో విలువైన భాగం చాలావరకు జరగకుండా ఆపడం. పక్షవాతం రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, మడమల కింద దిండు పెట్టి, నడుము దగ్గర చర్మం ఎర్రబడిందేమో వేలితో నొక్కి చూస్తే పుండు పడదు. పడని పుండుకు ఎవరూ దండం పెట్టరు. పొయ్యి మీద పాలు పొంగకుండా దగ్గర నిలబడి చూసుకున్న మనిషిని ఏ ఇంట్లోనూ ఎవరూ మెచ్చుకోరు. అది లోకం తీరు, దానిమీద అలిగి లాభం లేదు. కానీ ఆ పనిని గుర్తుపట్టే కళ్లు వార్డులోనే కొన్ని ఉంటాయి. మీ మెప్పు అక్కడి నుంచే రావాలి.

నేను శిక్షణ ఇచ్చిన ఒక అమ్మాయి విషయం చెబుతాను, ఇందులో మీకు పనికొచ్చే వివరం ఉంది. ఆమె సాయంత్రం డ్యూటీలో ఉండగా పొట్ట ఆపరేషన్ అయిన రోగి ఒకరు థియేటర్ నుంచి వార్డుకు వచ్చారు. బీపీ 110/70 ఉంది, చూసినవారంతా బాగుందనే అనుకున్నారు. ఆమె మాత్రం చార్టులో పల్సు వరసను చూసింది: 88, గంట తర్వాత 104, ఆ తర్వాత 118. యూరిన్ బ్యాగులో గంటకు ఇరవై మిల్లీలీటర్లే దిగుతోంది. పెద్దవారిలో శరీర బరువులో కిలోకు గంటకు కనీసం అర మిల్లీలీటరు రావాలి, అంటే అరవై కిలోల మనిషికి ముప్పై. లోపల రక్తస్రావం జరుగుతున్నప్పుడు ముందు పల్సు పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది; బీపీ పడిపోవడం చాలాసార్లు ఆఖరున కనబడుతుంది, అప్పటికి ఆలస్యమవుతుంది. ఆమె డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి, ‘సార్, పేషెంటు డల్‌గా ఉన్నారు’ అనలేదు. ఏ మంచం, ఏ ఆపరేషన్, పల్సు ఎంత నుంచి ఎంతకు పెరిగింది, యూరిన్ ఎంత వస్తోంది, చేతులు చల్లబడ్డాయి, మీరు ఇప్పుడే వచ్చి చూడాలి అని వరసగా చెప్పింది. రోగిని మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు, బతికారు.

బంధువులు ఎవరికి దండం పెట్టారని మీరు అడగనవసరం లేదు, సర్జన్ గారికే పెట్టారు, అందులో తప్పు కూడా లేదు. కానీ మరునాడు రౌండ్లో ఆ సర్జన్ కేస్ షీటు తెరిచి, చార్టు మీద సంతకం చూసి, ‘నిన్న సాయంత్రం ఎవరున్నారు’ అని అడిగారు. పెద్ద పొగడ్త ఏమీ లేదు, ‘మంచి పని చేశారు’ అని ఒక్క మాట. అప్పటి నుంచి పెద్ద ఆపరేషన్ ఉన్న రోజు ఆయన ఇన్‌చార్జి సిస్టర్‌ను ‘ఆ అమ్మాయి డ్యూటీలో ఉందా’ అని అడగడం మొదలుపెట్టారు. ఈ ఉద్యోగంలో మెప్పు సాధారణంగా తొడుక్కుని వచ్చే వేషం ఇదే. ‘కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) పెట్టడానికి నరం ఎక్కడా దొరకడం లేదు, ఒకసారి మీరు వచ్చి చూస్తారా’ అని పక్క వార్డు నుంచి కబురు రావడం, మిర్చి యార్డులో బస్తాలు మోసి చేతులు కాయలు కాచిన మనిషికి ఇద్దరు పొడిచి వదిలేసిన తర్వాత మీరు వెచ్చని గుడ్డ కట్టి, పిడికిలి మూసి తెరవమని చెప్పి, ముంజేతి పక్కన వేలికి తగిలే నరాన్ని పట్టుకోవడం, అది చూసి జూనియర్ డాక్టరు మారు మాట్లాడకుండా పక్కకు జరగడం, ఇవన్నీ మెప్పులే. కొత్తలో వీటిని మనం లెక్కలోకి తీసుకోము, ఎవరైనా వచ్చి ‘థ్యాంక్స్’ అంటేనే లెక్క అనుకుంటాము.

ఒక హెచ్చరిక. బంధువుల కృతజ్ఞత డబ్బు రూపంలో వచ్చినప్పుడు తీసుకోకండి. బిడ్డ పుట్టిందని స్వీట్లు పంచితే తినండి, ఊరి నుంచి ఆవకాయ జాడీ తెస్తే వార్డంతా పంచుకోండి, చేతిలో మడతపెట్టి పెట్టే నోటు మాత్రం వద్దు. కాన్పుల వార్డుల్లో డబ్బు అడిగి తీసుకునే అలవాటు ఈ వృత్తి గౌరవాన్ని ఎంత తిన్నదో మన జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అడగనివాళ్లు కూడా ఆ అపవాదును మోస్తున్నారు.

ఇక యాజమాన్యం. మే 12న ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు, ఆమె 1820లో పుట్టారు. అంతర్జాతీయ నర్సుల మండలి 1974లో ఆ తేదీని నర్సుల దినోత్సవంగా ఖరారు చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 1973 నుంచి ఆమె పేరుతోనే జాతీయ పురస్కారాలు ఇస్తోంది. ఇవన్నీ మంచివే, నేను కేకుకు వ్యతిరేకిని కాను. కానీ కేకు జీతానికి బదులు కాకూడదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశాల మీద కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలపై స్పష్టమైన సిఫార్సులు చేసింది: 200 పడకలు మించిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 100 దాటితే ఆ జీతం కన్నా 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు, అంతకన్నా చిన్న ఆసుపత్రి అయినా 20,000 రూపాయలకు తగ్గకూడదు. ఇది సిఫార్సు, రాష్ట్రాలు అమలు చేయాలి, మన చుట్టూ ఎంతమంది ఈ లెక్కకు ఎంత దూరంలో ఉన్నారో మీకు తెలుసు. అయినా ఈ అంకెలు మీకు తెలిసి ఉండాలి, జీతం మాట్లాడేటప్పుడు ‘సేవాభావం’ అనే మాట అవతలి నుంచి వస్తే బదులు చెప్పడానికి.

రోగుల సంఖ్య కూడా ఇందులో భాగమే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో మంచానికి ఒకరు ఉండాలి. ఇరవై మందిని ఒక్కరే చూస్తున్న నైట్లో ఎవరితోనూ నిలబడి రెండు మాటలు మాట్లాడలేరు; మాట్లాడని నర్సును ఎవరూ గుర్తుపెట్టుకోరు. మెప్పు రాకపోవడానికి మీ స్వభావం కారణం కాకపోవచ్చు, ఆ డ్యూటీ పట్టిక కావచ్చు.

మెప్పు సంగతి ఎలా ఉన్నా, రాజీ పడకూడనివి కొన్ని ఉన్నాయి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు, మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది, పూర్తయ్యాయో లేదో ఇవాళే చూసుకోండి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకండి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రిజిస్టరులో రాయించండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, 28 రోజులు వాడాలి. ‘ఏమంటారో’ అని దాచిపెట్టే కొత్త అమ్మాయిలను చూశాను. మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే మన రాష్ట్రంలో 2008 నుంచి వైద్య సిబ్బంది మీద దాడులకు ప్రత్యేక చట్టం ఉంది, అది నర్సులకు కూడా వర్తిస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రికీ అప్పగించకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

నిద్ర గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ మీ ఉత్తరమంతా నిద్ర లేని మనిషి రాసినట్టుంది. నైట్ల వారంలో మనసుకు తగిలే ప్రతి మాటా రెట్టింపు బరువుగా ఉంటుంది, ఇది నాకు బాగా తెలుసు. బెజవాడ ఎండల్లో పగటి నిద్ర కష్టమే. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టి, తడి తువ్వాలు ఆరేసి, ఫోను గది బయట పెట్టి అయిదు గంటలయినా ఏకబిగిన పడుకోండి. నైట్ అయిపోగానే స్కూటీ మీద గుంటూరు హైవే ఎక్కి ఇంటికి వెళ్లే పని మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి, బస్సులో వెళ్లండి. ఉద్యోగం మానేయాలా అన్న నిర్ణయాన్ని మూడో నైట్ తర్వాత పొద్దున తీసుకోవద్దు.

చుట్టాల మాటకు ఎక్కువ చోటు ఇవ్వను. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచిన కాలంలో మన ఇళ్ల నుంచి ఆడపిల్లను పరాయి మనిషి ఒళ్లు తుడిచే పనికి పంపడమన్నది ఊహకందని మాట. ఆ చూపు ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలి ఉంది. అదే ఇళ్లలో పెద్దాయనకు గుండె నొప్పి వస్తే అర్ధరాత్రి మీకే ఫోన్ చేస్తారు. మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసరు మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుందని మీ అమ్మగారికి చెప్పండి, ఆమె తన వంతుగా ఆ మాట ఎక్కడ చెప్పాలో అక్కడ చెబుతారు.

ఇదంతా చదివిన తర్వాత కూడా అందరికీ ఈ వృత్తే తగినదని నేను అనడం లేదు. రక్తం, మలం, మరణం చూసి తట్టుకోలేక వెళ్లిపోయినవారు ఉన్నారు, వారిని తప్పుపట్టను. మీ విషయంలో అది కనబడలేదు. మీ బాధ పని మీద కాదు, పని కనబడకపోవడం మీద. కాబట్టి నా సలహా ఇది: ఇంకో ఆరు నెలలు ఉండి ఏడాది పూర్తి చేసి, అనుభవ ధ్రువపత్రం తీసుకోండి. ఈలోగా జనరల్ వార్డు నుంచి ఐసీయూకు మార్చమని నర్సింగ్ సూపరింటెండెంటును రాతపూర్వకంగా అడగండి, అక్కడ రోగులు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ, మీ పనిని గమనించే డాక్టర్లు ఇరవై నాలుగు గంటలూ పక్కనే ఉంటారు. నర్సింగ్ ఆఫీసరు ఉద్యోగాలకు ఎయిమ్స్ వారు నిర్వహించే నార్సెట్ పరీక్షకు ఇప్పటి నుంచే రోజుకు గంట చదవండి. డబుల్ డ్యూటీలు నెలకు ఎన్ని వేస్తున్నారో తేదీలతో ఒక పుస్తకంలో రాసుకోండి. జీతం పెంపు అడిగే రోజున ఆ పుస్తకం మీ చేతిలో ఉండాలి.